పది బై పది గదిలో బతుకమ్మ పాట రికార్డింగ్: గొంతు డబ్బాలో పాడినట్టు వస్తోంది, మైకు మార్చాలా?

సిరిసిల్ల_సప్పుడు

అందరికీ నమస్తే. బతుకమ్మకు ఒక పాట సొంతంగా కట్టాను. పల్లవి, మూడు చరణాలు, మధ్యలో డప్పు బిట్టు. కీబోర్డు, రిథమ్ అంతా ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేసుకున్నాను. పాడేది మా వదిన, శ్రుతి ఐదు. కోరస్‌కు మా వాడకట్టు ఆడవాళ్లు నలుగురు వస్తామన్నారు. డప్పు వాయించే అన్న కూడా ఒప్పుకున్నాడు.

సమస్య వదిన గొంతుతో కాదు, నా రికార్డింగ్‌తో. ఎదురుగా కూర్చుని వింటే ఎంత కమ్మగా ఉంటుందో! రికార్డు చేసి వింటే మాత్రం డబ్బాలో పాడినట్టు ఉంది. ఈక్యూ (కింది, పై శబ్దాలను పెంచి తగ్గించేది) ఎటు తిప్పినా ఆ డబ్బా పోవడం లేదు. ఐదు వేల లోపు కండెన్సర్ మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. గది పది బై పది, స్లాబు ఎత్తు కూడా పదడుగులే. అందులో ఒక స్టీలు బీరువా, ఒక టేబుల్, ఒక పరుపు. మైకు గోడ పక్కనే పెట్టాను, వైరు అంతే వస్తుంది. వీధి అవతల మరమగ్గాల షెడ్డు ఉంది.

ఒకాయన గోడలకు గుడ్ల ట్రేలు అంటించమన్నాడు. ఇంకొకాయన మైకు మార్చమన్నాడు. చేతిలో పాతిక వేలున్నాయి. దేనికి పెట్టాలి?

బడ్జెట్‌బాబు

పాతిక వేలుంటే ఇంకా ఆలోచన ఎందుకు బ్రో. ఇంకొంచెం కలిపి ఎస్‌ఎం7బీ మైకు తీసుకో. అది డైనమిక్, గదిని అంతగా పట్టించుకోదు. పాడ్‌కాస్ట్ వాళ్లంతా అదే వాడుతున్నారు.

ఫేడర్‌మామ

పాడ్‌కాస్ట్ వాళ్లు నోరు మైకుకు ఆనించి మాట్లాడతారు. అందుకే వాళ్లకు గది వినపడదు. బతుకమ్మ పాట అట్లా గుసగుసగా పాడితే నడుస్తుందా? పైగా ఆ మైకుకు కనీసం 60 డెసిబెల్ (డీబీ) గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే శక్తి కావాలి. ఇతని ఇంటర్‌ఫేస్‌లో అంత లేకపోతే మళ్లీ బూస్టర్ కొనాలి. ముందు గది సంగతి చూడు తమ్ముడూ. ప్లగిన్లు ఏమీ వేయకుండా ఒక ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ పెట్టు, వింటాను.

గదిగోల (వైజాగ్)

మైకు జోలికి పోవద్దు. గది కొలతలు చెప్పావు, జవాబు సగం అందులోనే ఉంది.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదడుగులంటే అది అచ్చం ఘనం. శబ్దానికి ఇంతకంటే చెడ్డ ఆకారం లేదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పదడుగులంటే 3.05 మీటర్లు. రెండు ఎదురెదురు గోడల మధ్య మొదటి గుమగుమ 56 హెర్ట్జ్ దగ్గర లేస్తుంది. తర్వాత 112, 168, 225. మామూలు గదిలో పొడవు ఒక చోట, వెడల్పు ఇంకో చోట లేపుతాయి కాబట్టి అది కొంత సర్దుకుంటుంది. నీ గదిలో మూడు జతల గోడలూ ఒకే చోట లేపుతున్నాయి.

కానీ నువ్వు చెప్పే డబ్బా దానివల్ల కాదు, చాలావరకు మైకు పెట్టిన చోటు వల్ల. మైకు గోడకు అడుగు దూరంలో ఉందనుకో. గొంతు నేరుగా మైకుకు చేరుతుంది, ముందుకుపోయి గోడకు తగిలి మళ్లీ మైకుకే వస్తుంది. ఆ రెండోది దాదాపు రెండడుగులు ఎక్కువ నడుస్తుంది, అంటే 1.8 మిల్లీసెకన్ల ఆలస్యం. రెండూ కలిసినప్పుడు 280 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట, 840 దగ్గర ఇంకో గుంట, అలా పైదాకా పడతాయి. గుంటల మధ్య గుట్టలు లేస్తాయి. ఈక్యూతో అది పోకపోవడానికి కారణం ఇదే. వదిన తల ఒక పక్కకు తిప్పితే గుంటలు వేరే చోటికి జరుగుతాయి. నువ్వు ఒక మాటకు సరిచేసిన ఈక్యూ తర్వాతి మాటకు పనికిరాదు.

ఖర్చు లేకుండా ముందు చేయాల్సినవి:

మైకును గోడ దగ్గర నుంచి తీసెయ్. గది నట్టనడుమ కూడా వద్దు, మూలా వద్దు. ఒక గోడ నుంచి నాలుగడుగులు, పక్క గోడ నుంచి మూడడుగులు ఉండేలా చూసుకో. పొడుగు వైరు కొనుక్కో, దానికి వందల్లోనే అవుతుంది. వదిన నోటికీ మైకుకూ మధ్య జానెడు ఉండాలి. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డీబీ తగ్గుతుంది, గది మాత్రం అలాగే ఉంటుంది. మరీ బెత్తెడు దూరానికి వస్తే కింది స్వరం ఉబ్బిపోతుంది, పాప్ ఫిల్టర్ ఉన్నా ప, భ అక్షరాలు గుప్పుమంటాయి.

ఇంకొక మాట. చాలామంది దుప్పట్లు మైకు వెనక కడతారు. కార్డియాయిడ్ (ముందు వైపే బాగా వినే) మైకు వెనక వైపు అసలే తక్కువ వింటుంది. అది చూసేది పాడేవాళ్లనూ వాళ్ల వీపు వెనక గోడనూ. కాబట్టి పరుపు వదిన వెనక నిలబెట్టు.

ఎడిసన్‌లో_వీణ

ఇక్కడ అమెరికాలో అపార్ట్‌మెంట్లలో మేమంతా బట్టల క్లోజెట్‌లోకి దూరి పాడతాం. బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య మైకు పెట్టి చూడండి. నాకైతే బాగానే వస్తోంది.

గదిగోల (వైజాగ్)

మీ క్లోజెట్‌లోకి మనిషి నడిచి వెళ్లొచ్చు అండీ. ఇక్కడి స్టీలు బీరువాలో మైకు పెడితే బీరువానే మోగుతుంది. పైగా వేలాడే బట్టలు పై శబ్దాన్ని మాత్రమే మింగుతాయి. 300, 400 హెర్ట్జ్ దగ్గరి గొణుగుడు అలాగే ఉండిపోతుంది. మాట్లాడే గొంతుకు పర్లేదు, గొంతెత్తి పాడితే తేడా తెలుస్తుంది.

బడ్జెట్‌బాబు

మరి గుడ్ల ట్రేలు? యూట్యూబ్‌లో సగం స్టూడియోలు అవే.

గదిగోల (వైజాగ్)

వాటితో కాస్త పైపై శబ్దం చెదురుతుంది. అంతే. అవి పల్చటి కాగితపు గుజ్జు, డబ్బా వినిపించే చోట వాటి వల్ల ఏమీ జరగదు. అగ్గిపుల్ల పడితే మాత్రం గది అంతా అంటుకుంటుంది. సన్నటి ఫోమ్ షీట్లు కూడా అదే కోవ. అంగుళం మందం ఫోమ్ గది నిండా అంటిస్తే చప్పట్ల గలగల పోతుంది, గొణుగుడు మిగులుతుంది. గది చచ్చిపోయినట్టూ ఉంటుంది, బురదగానూ ఉంటుంది. రెండు నష్టాలూ నీకే.

డబ్బు పెట్టాలనుకుంటే రాక్‌వూల్ (రాతి నార) పలకలు తీసుకో. రెండంగుళాలవి దొరుకుతాయి, రెండు కలిపి నాలుగంగుళాలు చెయ్యి. సాంద్రత ఘనపు మీటరుకు 48 కిలోలు గానీ 64 గానీ అడుగు. చెక్క ఫ్రేమ్‌లో పెట్టి గుడ్డ చుట్టు. గుడ్డ ఎంచుకునేటప్పుడు నోటితో ఊదు, గాలి అవతలికి పోవాలి. సిరిసిల్లలో ఉన్నవాడికి గుడ్డ గురించి నేనేం చెప్తాను! గోడకు మూడు నాలుగంగుళాల ఎడం వదిలి నిలబెడితే ఇంకా కిందిదాకా పని చేస్తుంది. పని చేసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. నూలు దుమ్ములా తేలిగ్గా తీసుకోవద్దు, ఒళ్లంతా దురద పెడుతుంది.

56 హెర్ట్జ్ గుమగుమ వీటితో పోదు. వదిన గొంతుకు అది అడ్డం కాదు, ఐదు శ్రుతిలో షడ్జమమే 196 హెర్ట్జ్. కానీ మిక్స్ చేసేటప్పుడు ఆ గదిలో స్పీకర్లు పెట్టి బేస్ ఎంత ఉండాలో తేల్చుకోవద్దు. బేస్ సంగతి హెడ్‌ఫోన్స్‌లో చూసుకో.

సిరిసిల్ల_సప్పుడు

గదిగోల అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పరుపు మైకు వెనకే ఉండె, మార్చేశాను. ఎఫెక్ట్‌లు లేని ముక్క పెట్టాను ఫేడర్‌మామా, మార్చకముందుదీ మార్చాకదీ రెండూ ఉన్నాయి.

ఫేడర్‌మామ

విన్నాను. రెండోది బాగా మెరుగు. డబ్బా ముప్పావు వంతు పోయింది. ఇక మిగతా రోగాలు చెప్తాను.

ఫ్యాన్ తిరుగుతోంది. ఆపు. ఉక్కపోస్తే ఒక్కో చరణానికి మధ్యలో వేసుకోండి.

కింద సన్నగా ‘మ్మ్’ అని 50, 100, 150 దగ్గర హమ్ ఉంది. అది కరెంటు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడు. హమ్ పోతే చార్జరుదే తప్పు. పోకపోతే ఇంటి ఎర్తింగ్ చూపించు. అద్దె ఇళ్లలో మూడో పిన్ను చాలాచోట్ల అలంకారానికే ఉంటుంది.

లెవెల్ చాలా ఎక్కువ పెట్టావు. పై స్థాయిలో ‘ఉయ్యాలో’ అని ఎత్తుకున్నప్పుడు శబ్దం పగిలింది. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు అంత అంచుదాకా పోవాల్సిన పనే లేదు. గట్టిగా పాడే చోట మీటర్ మైనస్ 12 దగ్గర ఆగితే చాలు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలింది అతకదు.

రెండో చరణం చివర్లో ‘గణగణ’ అని ఏదో లోహం మోగుతోంది. అది గొంతు కాదు.

గదిగోల (వైజాగ్)

బీరువా అయ్యుంటుంది, లేకపోతే సజ్జ మీద స్టీలు సామాను. 40 నుంచి 300 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే టోన్ ఒకటి స్పీకర్‌లో గట్టిగా పెట్టి గదిలో తిరుగు. ఏది ఎక్కడ వణుకుతుందో చెవికే తెలుస్తుంది. బీరువా తలుపు సందులో గుడ్డ మడిచి దూర్చు, గిన్నెలు బయట పెట్టు.

సిరిసిల్ల_సప్పుడు

బీరువా మీద పెట్టిన ఇత్తడి బిందె! తీసేశాను. చార్జర్ పీకితే హమ్ కూడా పోయింది. మగ్గాల చప్పుడుకు ఏమన్నా ప్లగిన్ ఉందా?

ఫేడర్‌మామ

మగ్గాలు ఆగినప్పుడు పాడించడమే ప్లగిన్. నాయిస్ రిడక్షన్ అనేది ఒకే తీరుగా ఉండే ఫ్యాన్ గాలికి కొంత పని చేస్తుంది. మగ్గం దెబ్బ దెబ్బకూ మారుతుంది, దాన్ని గీకితే గొంతు కూడా గీక్కుపోతుంది. రాక్‌వూల్ పెడితే బయటి చప్పుడు ఆగుతుందనీ అనుకోవద్దు. అది గదిలోపలి ప్రతిధ్వనికి మందు. బయటి శబ్దం ఆపాలంటే బరువూ మూసుకుపోయిన సందులూ కావాలి. అద్దె ఇంట్లో అయ్యేపని కాదు. షిఫ్టు మారే టైము కనుక్కో, లేదా కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద పాడించు. ఊరంతా నిశ్శబ్దంగా ఉండేది అప్పుడే.

వలంతల

డప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తా. ఆ గదిలో డప్పు వాయించొద్దు. డాబా మీదికి తీసుకుపో. గోడలు లేని చోట డప్పు అసలు శబ్దం వస్తుంది, తర్వాత ఎంత రీవెర్బ్ (సాఫ్ట్‌వేర్‌తో కలిపే ప్రతిధ్వని) కావాలంటే అంత వేసుకోవచ్చు. గదిలో పడ్డ ప్రతిధ్వనిని మాత్రం ఎవరూ తీయలేరు.

మైకు చర్మానికి ఆనించినట్టు పెడితే సిర్ర దెబ్బ ఒక్కటే టక్కుమని వినపడుతుంది, సిటికెన పుల్ల గలగల రాదు. మూడు నాలుగడుగులు వెనక్కి పెట్టు, కొంచెం పక్కకు. నీ కండెన్సర్ మీద మైనస్ 10 ప్యాడ్ స్విచ్ ఉంటే నొక్కు. దొరికితే ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ ఒకటి అడిగి తెచ్చి వెనక వైపు కూడా పెట్టు. డప్పు వెనక భాగం తెరిచే ఉంటుంది కదా, గుమ్మనే కింది శబ్దం అక్కడ దొరుకుతుంది. అప్పుడు మర్చిపోవద్దు: వెనక మైకు ట్రాక్‌లో ఫేజ్ తిరగెయ్యాలి, అంటే శబ్దపు అలను తలకిందులు చెయ్యాలి. దెబ్బ పడ్డప్పుడు చర్మం ముందు మైకుకు దూరం జరుగుతుంది, వెనక మైకుకు దగ్గరవుతుంది. తిరగెయ్యకుండా కలిపితే గుమ్మనేది ఒకదాన్నొకటి కొట్టేసుకుని పల్చబడుతుంది. రీపర్‌లో ట్రాక్ మీద ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది. నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి విను. ఏది లావుగా ఉంటే అదే సరి.

రాత్రి చలిగాలికి చర్మం వదులవుతుంది. మంట దగ్గరే ఉంచుకుని టేకుకూ టేకుకూ మధ్య కాచుకోమను. మొదటి టేకులో ఉన్న బిగువు చివరి టేకులో లేకపోతే ఎడిటింగ్‌లో రెండూ అతకవు.

సిరిసిల్ల_సప్పుడు

డప్పు అన్నకు క్లిక్ (టెంపో చెప్పే టిక్ టిక్) వినిపిస్తే చెయ్యి బిగుసుకుపోతోంది. క్లిక్ లేకపోతే టెంపో పరుగెడుతోంది.

వలంతల

టిక్ టిక్ తీసెయ్. వదిన పాడిన గైడ్ ట్రాక్, దాని కింద ఆడవాళ్ల చప్పట్లు లూప్ చేసి హెడ్‌ఫోన్‌లో ఇవ్వు. చప్పట్లకు వాయించడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

శ్రుతి_ఐదున్నర (విజయవాడ)

పాడేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. మీ వదినగారికి హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టండి, రెండో చెవి ఖాళీగా ఉంచండి. రెండూ మూసేస్తే తన గొంతు తనకు తెలియక శ్రుతి తప్పే అవకాశం ఉంది. ఖాళీ వైపు కప్పును మాత్రం తలకు ఆనించి మూసి ఉంచాలి, లేకపోతే ట్రాక్ మైకులోకి కారుతుంది. కీబోర్డు మొత్తం వినిపించడం కంటే తంబూరా, కొంచెం రిథమ్ ఇస్తే హాయిగా పాడతారు. గొంతు ఆలస్యంగా వినపడుతోందంటే బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దపు శాంపిళ్లు) 128 కి తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 అంటే 3 మిల్లీసెకన్ల లోపే, 1024 అంటే 21. 21 తో ఎవరూ పాడలేరు. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ (ల్యాప్‌టాప్‌లోకి పోకుండా గొంతు నేరుగా వినిపించేది) ఉంటే ఇంకా మేలు. మిక్స్ చేసేటప్పుడు మళ్లీ 1024 పెట్టుకోవచ్చు.

ఇంకొకటి, దయచేసి ఆటోట్యూన్ వేయకండి.

ఫేడర్‌మామ

ఎందుకు వేయకూడదమ్మా? ఒక్కో చోట శ్రుతి జారితే ఏం చేయమంటారు? నా దగ్గరికి వచ్చే పాటల్లో ట్యూన్ చేయనిది ఒక్కటీ లేదు. వేసినట్టు తెలియకుండా వేయడమే పని.

శ్రుతి_ఐదున్నర (విజయవాడ)

తెలియకుండా వేయగలిగితే నాకూ అభ్యంతరం లేదండీ. కానీ క్రొమాటిక్ స్కేల్ పెట్టి, స్పీడు చివరికి తిప్పి వదిలేస్తున్నారు. తోడిలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, ఊగే స్వరం. సాఫ్ట్‌వేర్‌కు అది తప్పు పాడినట్టు కనిపిస్తుంది, ఊగిన ప్రతిసారీ దగ్గరి మెట్టుకు లాగుతుంది. జానపదంలో అంత గమకం ఉండదు, నిజమే. కానీ జారు ఉంటుంది. ‘ఉయ్యాలో’ చివర కిందికి జారే ఆ వంపు మెట్లు మెట్లుగా వినిపిస్తే ఇక అది బతుకమ్మ పాటేనా?

ఫేడర్‌మామ

ఇది ఒప్పుకుంటాను. అయితే ఆటోమేటిక్ మోడ్ వద్దు. మెలోడైన్ లాంటి దానిలో చేత్తో చెయ్యి. ఊగే స్వరాన్ని అది నాలుగు ముక్కలుగా కోసి చూపిస్తుంది. ముందు ఆ కోతలు తీసేసి ఒకే ముక్క చెయ్యి. తర్వాత మొత్తం ముక్కను కలిపి పైకో కిందికో జరుపు. లోపలి ఊపును ముట్టుకోవద్దు. జారు ఉన్న చోట మళ్లీ పాడించడమే తేలిక.

శ్రుతి_ఐదున్నర (విజయవాడ)

అలా చేస్తే నాకు గొడవే లేదు.

సిరిసిల్ల_సప్పుడు

కోరస్ మా దోస్త్ దగ్గర వేరే సిస్టమ్‌లో పాడించాం. నా సెషన్‌లో పెడితే శ్రుతి కలవడం లేదు. అందరూ ఒకటిన్నర మెట్టు పైకి పాడినట్టుంది, టెంపో కూడా పరుగే. అక్కడ సరిగ్గానే వినపడింది.

గదిగోల (వైజాగ్)

వాళ్ల శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) 44.1 కిలోహెర్ట్జ్, నీ సెషన్‌ది 48. ఫైలును మార్చకుండా ఆడిస్తే దాదాపు తొమ్మిది శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి కీబోర్డు మెట్ల (తెల్లవీ నల్లవీ కలిపి) లెక్కన సుమారు ఒకటిన్నర ఎక్కుతుంది. నువ్వు చెప్పిన తేడా సరిగ్గా అదే. మామూలుగా రీపర్ తనే మార్చుకుంటుంది. ఫైలు మీద రేటు తప్పుగా రాసి ఉందేమో చూడు. దోస్త్‌ను 48 లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయమను. 24 బిట్ వేవ్, ప్రతి ఫైలూ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి. ఎంపీ3 పంపితే తీసుకోవద్దు.

ఎడిసన్‌లో_వీణ

నలుగురితో కోరస్ నిండుగా రావాలంటే ఒకే టేకు కాపీ చేసి పక్కకు జరపొద్దు. నలుగురినీ మళ్లీ పాడించండి, ఈసారి చోట్లు మార్చి. ఎడమ నుంచి మొదటి ఆవిడ చివరికి, వెనకున్నావిడ ముందుకు. మూడుసార్లు పాడితే పన్నెండు మంది ఉన్నట్టుంటుంది. మా తెలుగు సంఘం బతుకమ్మకు ఇలాగే చేశాం.

ఫేడర్‌మామ

మంచి సలహా. వదిన గొంతు నడిమధ్యలో ఉండాలి, కోరస్ రెండు పక్కలా. వదిన ట్రాక్‌లో 100 హెర్ట్జ్ కింద కోసెయ్. 400 చుట్టూ రెండు డీబీ తగ్గించు, అంతకంటే తగ్గిస్తే గొంతు సన్నబడుతుంది. కంప్రెసర్ (గట్టి చోట్లను అణిచేది) 3:1, ఎత్తుకున్న చోట నాలుగైదు డీబీ లాగితే చాలు. శ, స గీసుకుంటుంటే 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీఎస్సర్ (ఆ గీతను తగ్గించే ప్లగిన్) తేలిగ్గా.

రీవెర్బ్ దగ్గర జాగ్రత్త. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ‘ఉయ్యాలో’లో ఆ ‘ఓ’ ఎంతసేపు లాగుతుందో చూడు. పొడుగు రీవెర్బ్ వేస్తే ఆ తోక తర్వాతి మాట నెత్తిన పడి సాహిత్యం మునిగిపోతుంది. తోక చిన్నగా, రీవెర్బ్ మొదలయ్యే ముందు 30 మిల్లీసెకన్ల ఆలస్యం (ప్రీడిలే).

బడ్జెట్‌బాబు

లౌడ్‌నెస్ మాత్రం మైనస్ 8 కి తెయ్ బ్రో. డీజేలో వేస్తే అదరాలి కదా.

ఫేడర్‌మామ

స్పాటిఫై మామూలు సెట్టింగులో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (పాట చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) తెస్తుంది. యూట్యూబ్ కూడా గట్టి పాటను తగ్గిస్తుంది. నువ్వు మైనస్ 8 కి నలిపి పంపితే వాళ్లు కిందికి దించుతారు, నలిగింది నలిగినట్టే ఉంటుంది. డప్పు దెబ్బ చచ్చిపోయాక అదిరేది ఏముంది? మైనస్ 12 దగ్గర ఆపు, ట్రూ పీక్ (శబ్దం ఎక్కే అసలు గరిష్ఠం) మైనస్ 2 దాటనీయకు. డీజే అన్న దగ్గర వాల్యూమ్ నాబ్ ఉంటుంది.

సిరిసిల్ల_సప్పుడు

మిక్స్ పెట్టాను. హెడ్‌ఫోన్‌లో కోరస్ ఎంత వెడల్పుగా ఉందో! కానీ ఫోన్‌లో వింటే కోరస్ సగం మాయం. వాడకట్టులో డీజే బాక్సుల మీద వేశాం, అక్కడా అంతే. వదినా డప్పే వినపడ్డాయి.

ఫేడర్‌మామ

కోరస్ ట్రాకులన్నీ కలిసే ట్రాక్ మీద స్టీరియో వైడెనర్ ఉంది కదా? తీసెయ్. అలాంటివి చాలావరకు ఒక పక్కను ఇంకో పక్కకు తిరగేసి వెడల్పు చూపిస్తాయి. బతుకమ్మ ఆడే చోట బాక్సులు మోనోలోనే నడుస్తాయి. ఎడమా కుడీ ఒకే వైరులో కలిసినప్పుడు తిరగేసిన భాగం కొట్టుకుపోతుంది. నీకు మూడు టేకులు నిజంగానే ఉన్నాయి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి మధ్యలో సన్నగా పెట్టు. మాస్టర్ మీద మోనో బటన్ నొక్కి మిక్స్ మొత్తం ఒకసారి విను. బేస్ కూడా చూడు, చిన్న ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు. డప్పు వెనక మైకు మీద కొంచెం శాచురేషన్ (కావాలని కలిపే కొద్దిపాటి బరకదనం) వేస్తే పైన హార్మోనిక్స్, అంటే పై శబ్దాలు పుట్టి అక్కడా వినపడుతుంది.

సిరిసిల్ల_సప్పుడు

వైడెనర్ తీశాను, మోనోలో కోరస్ మొత్తం నిలబడింది. శాచురేషన్ వేశాక ఫోన్‌లో డప్పు గుర్తుపట్టేట్టు ఉంది. రెండో చరణంలో వదిన ‘శ’ ఇంకా గీసుకుంటోంది, డీఎస్సర్ పెంచితే నాలుక మందంగా వినిపిస్తోంది.

శ్రుతి_ఐదున్నర (విజయవాడ)

ఆ ఒక్క చరణం మళ్లీ పాడించండి. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, గడ్డం వైపుకు వంచి పెట్టండి. ‘శ’ గాలి సూటిగా ముందుకు పోతుంది, మైకు ఆ దారిలో లేకపోతే సగం గీత అక్కడే తగ్గుతుంది.

సిరిసిల్ల_సప్పుడు

సరే మేడమ్. ఆదివారం మగ్గాలు బంద్, ఆ రోజే పెట్టుకుంటాం.